రాళ్లవాన నుంచి కొత్తగా నాటిన పెరటి మొక్కలను కాపాడుకోవడం: వరంగల్ ప్రాంతానికి సమగ్ర మార్గదర్శి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు మార్చి నుంచి మే నెలాఖరు వరకు ఒక తీరు వాతావరణం ఉంటుంది. మధ్యాహ్నం దాకా మాడ్చిన ఎండ సాయంత్రానికి గాలిదుమారంగా మారి, పది పదిహేను నిమిషాలు రాళ్లవాన కురిపించి వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి వేళ్లూనిన వేప, కానుగ వంటి చెట్లు కొన్ని ఆకులు, రెమ్మలు రాల్చి తేరుకుంటాయి. నెల కిందట నాటిన గులాబీకి, మందారకు, మల్లెకు, నందివర్ధనానికి మాత్రం అది ప్రాణగండమే. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలకు మూలం ఒక్కటే: గుంజలు నాటిన రోజే పాతి ఉండాలి, వల ఒక పక్క చుట్టి సిద్ధంగా ఉండాలి. మబ్బు కమ్మాక బజారుకు పోయి తెచ్చేది ఏదీ ఆ పూటకు అక్కరకు రాదు.

పొలాల్లో ఈ వాన చేసే నష్టం అందరికీ తెలిసిందే. 2023 మార్చిలో కురిసిన వడగళ్లకు ఉత్తర తెలంగాణలో మక్కజొన్న, మిరప, మామిడి తోటలు దెబ్బతినగా, అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు మార్చి 23న ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో తిరిగి ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. పెరటి మొక్కలకు పంచనామా రాసేవారు ఎవరూ ఉండరు కనుక ఆ బాధ్యత ఇంటివారిదే.

దెబ్బ ఎక్కడ తగులుతుంది

కాగిన నేల మీది వేడిగాలి, తేమను పట్టుకొని వేగంగా పైకి లేచి, ఎత్తు పెరిగేకొద్దీ చల్లబడి, కుంభవృష్టి మేఘంగా పెరుగుతుంది. ఆ మేఘం లోపల పైకి ఎగదన్నే గాలి మంచు గుళికలను మోసుకుపోతుంటే, గడ్డకట్టే స్థితిలో ఉన్న నీటి బిందువులు వాటిపై పొరలుగా పేరుకుంటాయి. గాలి మోయలేనంత బరువు పెరిగాక అవి రాళ్లుగా పడతాయి. అంగుళం లోపు వ్యాసం ఉన్న రాళ్లు గంటకు సుమారు 15 నుంచి 40 కిలోమీటర్ల వేగంతోనూ, అంతకు మించినవి ఇంకా ఎక్కువ వేగంతోనూ నేలను తాకుతాయి. ఈదురుగాలి తోడైతే రాయి నిట్టనిలువుగా పడక, ఏటవాలుగా వచ్చి కాండాన్ని పక్క నుంచి కొడుతుంది. పైన మాత్రమే కప్పు ఉన్న పందిరి కింద కూడా గాలి వచ్చే వైపు మొక్కలు గాయపడటానికి కారణం ఇదే.

ఆకులు చిరగడం కంటికి ముందుగా కనిపించే నష్టమే గానీ, అన్నింటికంటే చిన్నది. లేత కాండం మీద బెరడు ఊడిపోవడం అంతకంటే పెద్దది. దెబ్బ తగిలిన పక్క ముందుగా పచ్చిగా, తడిగా కనిపించి, ఒకటి రెండు రోజుల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. తడి, వేడి కలిసి ఉన్న ఆ గాయంలోంచే శిలీంధ్రాలు లోపలికి పోయి కొమ్మను ఎండబెడతాయి. అయితే కొత్త మొక్కను ఎక్కువగా చంపేది గాలి ఊపు. నాటి నెల కూడా కానప్పుడు వేళ్లు ఇంకా నర్సరీ మట్టిగడ్డలోనే ఉంటాయి. గాలి మొక్కను అటూఇటూ ఊపితే ఆ గడ్డ మొత్తం గుంతలో కదిలి, బయటికి అప్పుడే చాచిన సన్నని వేళ్లు తెగిపోతాయి. మర్నాడు కాండం మొదట్లో చూస్తే మట్టికీ కాండానికీ మధ్య వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. ఆకు ఒక్కటీ చిరగకపోయినా, ఆ సందు ఉన్న మొక్క నాలుగు రోజుల్లో వాడిపోవచ్చు.

మొదటి పని: నాటేటప్పుడే గట్టిగా నాటడం

నిజానికి బహువార్షిక మొక్కలను మార్చి, ఏప్రిల్ నెలల్లో నాటకపోవడమే మేలు. జూన్ రెండో వారం నాటికి మృగశిర కార్తె వచ్చి తొలకరి పడ్డాక నాటితే సగం బాధలు ఉండవు. కానీ ఇల్లు మారిన వారికి, కొత్త ఇంట్లోకి పోయిన వారికి, చుట్టాలు మొక్కలు తెచ్చి ఇచ్చిన వారికి ఆ వెసులుబాటు ఎప్పుడూ ఉండదు. అలా నాటక తప్పనప్పుడు కింది జాగ్రత్తలు తీసుకోవాలి.

మన దగ్గర నర్సరీల్లో అమ్మే మొక్కల్లో చాలా వరకు కడియం వైపు నుంచి లారీల్లో వచ్చేవే. నల్ల కవర్లో బంకమట్టితో బిగించి ఉండే ఆ గడ్డ ఎండితే రాయిలా గట్టిపడుతుంది. దాన్ని అలాగే మన చల్కా నేలలో గానీ నల్లరేగడిలో గానీ పెడితే, చుట్టూ మట్టి ఒక తీరుగా, గడ్డ ఒక తీరుగా నీరు పీల్చుకొని రెండూ కలవవు. అందుకే నాటే ముందు కవరుతో సహా గడ్డను బకెట్ నీటిలో బుడగలు ఆగేదాకా ఉంచి, తరువాత కవరును నిలువునా కోసి పూర్తిగా తీసేయాలి. గడ్డ పైపొరను వేళ్లతో నెమ్మదిగా వదులు చేసి, చుట్టలు తిరిగిన వేళ్లను బయటికి విప్పాలి. కవరు తీయకుండా అడుగున చిల్లులు పెట్టి నాటితే వేళ్లు బయటికి పోవు, మొక్కకు పట్టు దొరకదు.

గుంత పొడవు, వెడల్పు, లోతు ఒకటిన్నర అడుగుల చొప్పున ఉంటే చాలు. తవ్విన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపాలి. మొక్క కవర్లో ఎంత లోతున ఉందో అంతే లోతున ఉంచాలి. అంటు గులాబీకైతే అంటు కట్టిన ముడి మట్టిపైన కనిపించాలి. మట్టిని పొరలుగా వేస్తూ ప్రతి పొరనూ కాలి మడమతో అదమాలి. చల్కా నేలల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వదులుగా నింపిన ఎర్రమట్టి ఒక్క వానకే కిందికి కుంగుతుంది.

ఊతకర్రను కూడా ఆ రోజే పాతాలి. తరువాత పాతితే వేళ్ల మధ్యలోంచి దిగుతుంది. మొక్కకు జానెడు దూరంలో, మీ ఇంటికి గాలిదుమారం సాధారణంగా ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కున, అడుగున్నర లోతుకు కర్ర దిగగొట్టాలి. కట్టడానికి పాత నూలు చీర అంచును రెండు వేళ్ల వెడల్పున చించి వాడితే బెరడు ఒరుసుకోదు. ఆ పట్టీని కాండం చుట్టూ వదులుగా తిప్పి, మధ్యలో ఒకసారి మెలిపెట్టి, ముడి కర్ర వైపు వేయాలి. మెలి వల్ల కాండం కర్రకు రాసుకోదు. సుతిలి, బైండింగ్ వైరు మాత్రం లేత కాండాన్ని కోసేస్తాయి. కట్టు మొక్క ఎత్తులో సగానికి దిగువన ఉండాలి. పైభాగం కొద్దిగా ఊగితేనే కాండం ముదురుతుంది.

పాదు చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన వరిగడ్డి గానీ పల్లికాయ పొట్టు గానీ పరిస్తే, రాళ్లవాన ధాటికి మట్టి చిమ్మి ఆకుల అడుగున అంటుకోకుండా ఉంటుంది. తెగుళ్లు పాకడానికి ఆ చిమ్మిన మట్టే పెద్ద దారి. కాండం చుట్టూ బెత్తెడు జాగా వదిలి పరచాలి, గాలికి లేవకుండా పైన నాలుగు రెమ్మలో ఇటుక ముక్కలో పెట్టాలి. గడ్డి కింద చెదలు పట్టే నేలల్లో వేపపిండి చల్లి ఆపైన పరచడం మంచిది. ఈ రెండు మూడు నెలలు యూరియా జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైతే వచ్చే మెత్తని చిగుళ్లను చిన్న రాయి కూడా విరిచేస్తుంది.

రెండో పని: పందిరి

మంచు కురిసే దేశాల వారు చేసిన వీడియోల్లో మొక్కల మీదే దుప్పటి కప్పి మట్టి వేయడం కనిపిస్తుంది. అక్కడ కాపాడుకోవలసింది చలి నుంచి కనుక గుడ్డ ఆకులను తాకినా కొంత వరకు చెల్లుతుంది. మన దగ్గర ఆ పద్ధతి పని చేయదు. కప్పు ఆకులను తాకుతుంటే రాయి గుడ్డ మీద పడినా దెబ్బ ఆకుకే చేరుతుంది, పైగా తడిసిన గుడ్డ బరువుకు కొమ్మలు వంగి విరుగుతాయి. కాబట్టి కప్పుకూ మొక్క కొనకూ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి.

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉన్న మడికి ఆరు వెదురు బొంగులు గానీ సర్వి కట్టెలు గానీ సరిపోతాయి. నాలుగు మూలలా ఒక్కొక్కటి, పొడుగు పక్కల మధ్యలో ఒక్కొక్కటి పాతాలి. ఒక పొడుగు పక్క గుంజలు రెండో పక్క వాటికంటే అడుగు ఎత్తుగా ఉండాలి. ఈ వాలు లేకపోతే రాళ్లు వల మధ్యలో కుప్పపడి, దాన్ని కిందికి లాగి, చివరకు మొక్కల మీదే కూర్చోబెడతాయి. గుంజల తలలను జీఐ తీగతో కలిపి, తీగ కొనలను బయటి వైపు మేకులు దిగగొట్టి బిగించాలి. వాలు దిగువ పక్కన నడవను గానీ ఖాళీ నేలను గానీ ఉంచుకుంటే జారిన రాళ్లు అక్కడ పడి కరిగిపోతాయి.

కప్పుకు 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ అన్ని విధాలా అనుకూలం. సందులు చిన్నవి కనుక రాయి దూరదు, గాలి మాత్రం పోతుంది, ఎండాకాలం నీడకూ అదే పనికొస్తుంది. పెద్ద రాళ్లకు అది చిరుగుతుందేమో అన్న అనుమానం ఉంటే రెండు మడతలు వేయవచ్చు. టార్పాలిన్ మాత్రం నాకు నచ్చదు. గాలికి తెరచాపలా ఉబ్బి గుంజలను పెకిలిస్తుంది, నీరు నిలిచి సంచిలా వేలాడుతుంది. ఇంట్లో అదొక్కటే ఉంటే పెద్ద వాలుగా కట్టి, వాన వెలిసిన వెంటనే తీసేయాలి.

వలను పందిరిపై ఎల్లప్పుడూ పరచి ఉంచనక్కరలేదు. ఎత్తు పక్క తీగకు ఒక అంచును కుట్టేసి, మిగతా వలను ఒక సన్నని బొంగుకు చుట్టి అక్కడే కట్టి ఉంచితే, అవసరమైనప్పుడు ఇద్దరు మనుషులు రెండు నిమిషాల్లో లాగి దిగువ తీగకు కొక్కేలతో తగిలించవచ్చు. గాలి వచ్చే పక్క మాత్రం నేల దాకా వేలాడే అదనపు వల ఉండాలి, దాని అంచు కింద ఇటుకలు పెట్టాలి.

హెచ్చరికలను ఎలా చదవాలి

హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా ఇచ్చే రంగుల హెచ్చరికల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం. ఉరుములు, మెరుపులు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు అన్న మాటలతో పసుపు హెచ్చరిక వచ్చినా కొత్త మొక్కలున్న వారు ఆ మధ్యాహ్నమే వల లాగి ఉంచడం మంచిది. వడగళ్లు అన్న మాట విడిగా ఉంటే ఇక ఆలోచించనక్కరలేదు. వచ్చే మూడు గంటల కోసం ఇచ్చే తక్షణ సూచన ఇంకా నమ్మదగినది. మౌసం యాప్‌లో ఈ సమాచారం వస్తుంది, పిడుగుల కోసం దామిని యాప్ ఉంది.

యాప్ ఏం చెప్పినా ఆకాశాన్ని కూడా చూడాలి. మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ గాలి పూర్తిగా స్తంభించి, చెమట ఆరకుండా ఉక్కపోసి, దూరాన గోపురంలా లేచిన మబ్బు అడుగుభాగం నల్లబడుతుంటే, ఆపై ఒక్కసారిగా చల్లగాలి తాకితే, వాన చాలా దగ్గరకు వచ్చినట్టే. హెచ్చరిక ఉన్న రోజు నీరు ఉదయమే పెట్టాలి. సాయంత్రం నీరు పెడితే తడిసి మెత్తబడిన మట్టిలో గుంజలూ ఊతకర్రలూ కదులుతాయి.

చివరి అరగంట

ఉరుము వినిపించక ముందే పని ముగించాలన్నది మొదటి నియమం. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో మనం ఉన్నట్టే. అప్పుడు డాబా మీదికి పోవడం, ఇనుప గుంజలు పట్టుకోవడం, చెట్టు కింద నిలబడటం ప్రాణాల మీదికి తెస్తుంది. చివరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. వంద రూపాయల మొక్క కోసం అంత సాహసం అక్కరలేదు.

సమయం ఉంటే ముందుగా వల లాగి తగిలించి, తరువాత డాబా మీది కుండీలను పిట్టగోడ మూలకో సజ్జ కిందికో చేర్చి, ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. గోడ మీద, మెట్ల మీద ఉన్నవాటిని కిందికి దించాలి. పందిరి వేయని విడి మొక్కలకు ఇంట్లో ఉన్న వస్తువులే చాలు. వెదురు గంప బోర్లించి పైన రెండు ఇటుకలు పెడితే మోకాలి ఎత్తు మొక్క క్షేమంగా ఉంటుంది. అంతకంటే చిన్నదానికి పాత పెయింటు డబ్బా సరిపోతుంది. పాత నవారు మంచం మూలన పడి ఉంటే అంతకు మించిన కప్పు లేదు. నాలుగు కోళ్ల మీద ఎత్తుగా నిలుస్తుంది, నవారు సాగి దెబ్బను తట్టుకుంటుంది, ఒక చిన్న మడి మొత్తం దాని కిందికి వస్తుంది. దానిపై గోనెసంచి పరచి కట్టి, కోళ్లను మేకులకు బిగించాలి. ప్లాస్టిక్ కుర్చీలను మాత్రం నమ్మవద్దు, అవి మొదటి గాలికే ఎగిరి పక్క మొక్కలను కూడా విరుస్తాయి.

వాన వెలిశాక

పెరట్లోకి పోయే ముందు కరెంటు తీగలు తెగి పడ్డాయేమో చూడాలి. ఉంటే దగ్గరకు పోకుండా 1912కు ఫోన్ చేయాలి.

కాండం మొదట్లో కుప్పపడిన రాళ్లను చేత్తో పక్కకు తీసి, పాదులో నిలిచిన నీటికి దారి చేయాలి. గంపలు, డబ్బాలు అప్పుడే తీసేయాలి. మర్నాడు పొద్దున తీద్దామని వదిలేస్తే ఎండ ఎక్కేసరికి డబ్బా లోపల మొక్క ఉడికిపోతుంది. ఒరిగిన మొక్కలను మట్టి తడిగా ఉండగానే సరిచేయాలి. కాండాన్ని పట్టి లాగకుండా గడ్డ కింద చేయి పెట్టి లేపి, ఇందాక చెప్పిన సందును మెత్తని మట్టితో నింపి, మడమతో అదిమి, ఊతకర్రకు మళ్లీ కట్టాలి. ఈ పనిని మర్నాటికి వాయిదా వేస్తే మట్టి గట్టిపడి, వేళ్లు గాలికి ఎండుతాయి.

విరిగి వేలాడుతున్న కొమ్మలను కణుపుకు కాస్త పైన పదునైన కత్తెరతో ఏటవాలుగా కోయాలి. చిరిగిన ఆకులను దూయవద్దు. సగం ఆకైనా ఆహారం తయారు చేస్తుంది, కాండానికి నీడ కూడా ఇస్తుంది. పూర్తిగా నల్లబడినవి వాటంతటవే రాలుతాయి. మొక్క తడి ఆరాక, చల్లని వేళ, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి కాండం గాయాలు తడిసేలా పిచికారీ చేయాలి. తులసి, కరివేపాకు వంటి నోట్లోకి పోయే ఆకుల మీద మాత్రం చల్లవద్దు. బెరడు పెద్దగా ఊడిన నిమ్మ, జామ మొక్కలకు మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్ట్ పూయవచ్చు.

తరువాతి పది రోజుల ఎండ

రాళ్లవాన పడిన రోజు చల్లబడిన వాతావరణం రెండు రోజుల్లోనే మళ్లీ 40 డిగ్రీలకు చేరవచ్చు. ఆకులు పోయి, వేళ్లు కదిలిన మొక్కకు ఆ ఎండ రెండో దెబ్బ. అందుకే వలను పది రోజుల పాటు పగలు నీడ కోసం అలాగే ఉంచి, ఆ తరువాత రోజూ ఉదయం పూట కొంతసేపు తీస్తూ మొక్కను ఎండకు అలవాటు చేయాలి. ఆకు నీడ పోయి బయటపడిన కాండానికి సున్నం పూస్తే బెరడు పగలదు. ఆకులు తగ్గిన మొక్క నీరు కూడా తక్కువే తాగుతుంది కనుక, వేలు మట్టిలో రెండు అంగుళాలు దించి చూసి, పొడిగా తగిలితేనే నీరు పెట్టాలి.

ఎరువు వేయాలన్న తొందర పనికిరాదు. కొత్త చిగురు కనబడ్డాకే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19-19-19 ఎరువును లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి ఒకసారి ఆకులపై చల్లితే చాలు. చిగురు రాకపోయినా పీకేయకుండా, కాండాన్ని గోటితో గీకి చూడాలి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పైన ఎండి ఉంటే పచ్చదనం దొరికేదాకా కిందికి గీకుతూ పోయి, అక్కడికి కోయాలి.

ఏ మొక్క ఎలా తేరుకుంటుందో తెలిసి ఉంటే అనవసరంగా కంగారు పడనక్కరలేదు. మల్లె, బోగన్‌విలియా, కరివేపాకు మొండివి, మొదటిదాకా దెబ్బతిన్నా చిగురిస్తాయి. నేలసంపెంగ, మెట్టతామర, హెలికోనియా పైభాగం మొత్తం పోయినా దుంప నుంచి మళ్లీ లేస్తాయి, వాటి పాదును తవ్వకుండా వదిలేస్తే చాలు. అంటు గులాబీ ముడికి పైన విరిగితే మళ్లీ వస్తుంది, ముడి కింద నుంచి వచ్చే కొమ్మలు అడవి గులాబీవి కనుక తీసేయాలి. కనకాంబరం, ఆంథూరియం, కోలియస్ సున్నితమైనవి, పందిరిలో చోటు తక్కువైతే ముందుగా వీటికే ఇవ్వాలి. బొప్పాయి మొవ్వు విరిగితే బోలు కాండంలోకి నీరు దిగి కుళ్లుతుంది కనుక, కోసిన కొన మీద చిన్న ముంత గానీ కవరు గానీ బోర్లించి కట్టాలి.

మూడు వారాలు గడిచినా ప్రాణం జాడ లేని మొక్క గుంతను అలాగే తవ్వి ఎండకు వదిలేసి, మృగశిర వరకు అందులో మరేదీ నాటవద్దు. తొలకరి పడ్డాక వలను కడిగి, ఆరబెట్టి, ఎలుకలు కొట్టని చోట వేలాడదీయవచ్చు. గుంజలను మాత్రం పెకిలించనక్కరలేదు, వానాకాలంలో వాటికే చిక్కుడు తీగ పాకించుకోవచ్చు.